మిగిలిన సగం మాత్ర

జూన్ 3

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ ఆశీస్సులు. నీకు నర్సు లైసెన్సు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఫోనులో విన్నదాన్ని నేను లెక్కలోకి తీసుకోను కాబట్టి నకలు పంపమన్నాను. వచ్చింది. పేరు, పుట్టిన తేదీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు సంతోషించాను.

ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. డ్యూటీలో మీ ఫోన్లు లాకర్లో పెట్టి తాళం వేస్తారట. మంచి పద్ధతి. ఫోనులో అన్న మాటకి మర్నాడు ఎవరూ పూచీ పడరు. కాగితం మీద పెట్టిన మాటకి పడి తీరాలి. లెక్కల ఆఫీసులో ముప్పై ఏళ్ళు కూర్చుని నేను నేర్చుకున్నది ఇదే.

నువ్వు వెళ్తూ నాకిచ్చిన బి.పి. యంత్రం దివ్యంగా పనిచేస్తోంది. దాన్ని నా ఒక్క చేతికి వాడుకోవడం దుబారా అనిపించి, శనివారం సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసి వీధిలో వాళ్ళందరికీ చూస్తున్నాను. వచ్చిన అంకె వచ్చినట్టు రాసి పెడుతున్నాను. మన ఇంట్లో నర్సు ఉందని వీధి అంతటికీ తెలుసు. నేనే చెప్పాను. అందువల్ల ప్రశ్నలు వస్తున్నాయి.

ఒకటి. పక్కింటి పోస్టుమాస్టరుగారు మోకాలి నొప్పికి పొద్దున వేసుకునే మాత్రని రాత్రికి మార్చుకోవచ్చా?

రెండు. ఎదురింటి కోడలు పాలిస్తోంది. దగ్గు మందు తాగొచ్చా?

మూడు. మూలకొట్టు టైలరుకి మొన్న 168 చూపించింది. మనిషి మంచి లావు. అతనికి ఏ మాత్ర మొదలుపెట్టాలి? పేరు విడివిడి అక్షరాలతో రాయి. నీ రాత ఎప్పుడూ కోడి గెలికినట్టుంటుంది. డాక్టరువి కాకుండానే ఆ రాత నీకెందుకు?

జవాబులు వరసగా, అంకెలు వేసి పంపు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ముందు భోజనం, తర్వాత జవాబు.


జూన్ 11

అమ్మమ్మకి, నడుం పూర్తిగా వంచి నమస్కారాలు.

భోజనం అయింది. వరసగా, అంకెలు వేసి రాస్తున్నాను.

ఒకటి. నేను చెప్పకూడదు. రెండు. నేను చెప్పకూడదు. మూడు. నేను అస్సలు చెప్పకూడదు.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టకు. మొత్తం చదివాక కోప్పడు.

లైసెన్సు చేతికొచ్చిన రోజు నేనూ నీలాగే అనుకున్నాను, తలుపులన్నీ తెరుచుకున్నాయని. మొదటి రోజే మా మేట్రన్ గారు కూర్చోబెట్టి, ఏ తలుపు నాది, ఏది కాదో చెప్పారు. దీన్ని పని పరిధి అంటారు. జబ్బుకి పేరు పెట్టడం, మందు రాయడం, ఆపడం, మార్చడం డాక్టరు పని. చూడడం, కొలవడం, రాసిన మందు సరైన మనిషికి సరైన వేళకి ఇవ్వడం, తేడా కనిపిస్తే వెంటనే చెప్పడం నా పని. ఇందులో ఇంకో మెలిక ఉంది. నా పరిధిలో ఉన్న పని అయినా సరే, పెద్ద సిస్టరు ఎవరైనా పక్కన నిలబడి, నేను చేస్తుంటే చూసి, నా కార్డులో సంతకం పెట్టేదాకా ఒంటరిగా చేయకూడదు. ఆ కార్డు జేబులోనే తిప్పుతున్నాను. ప్రస్తుతానికి అందులో సంతకాలకంటే ఖాళీలే ఎక్కువ. ఇక్కడ సంతకాల పిచ్చి ఎంతంటే, కొన్ని మందులు మిగిలిపోతే పారేయడానికి కూడా సాక్షి సంతకం కావాలి. నువ్వు ఇక్కడ పుట్టాల్సినదానివి అమ్మమ్మా.

మా వార్డులో పన్నెండు మంచాలు. మందుల బండికి ఒక చక్రం ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. పన్నెండో మంచం చేరేసరికి దానితో కుస్తీ పట్టినట్టుంటుంది. మేట్రన్ గారి బూట్లు చప్పుడు చేయవు. అదే ఆవిడ ఆయుధం.

మొన్న ఒకటి జరిగింది. ఆపరేషన్ అయిన పేషెంటు పొట్టలోంచి నీరు బయటికి రావడానికి ఒక గొట్టం పెడతారు. అది తీసేయమని డాక్టరుగారు ఫోనులో చెప్పారు.

"సార్, నేను రెండుసార్లు చూశానంతే. చెయ్యలేదు. నా కార్డులో దానికి సంతకం లేదు."

"అందులో ఏముందమ్మా? కుట్టు కత్తిరించి లాగెయ్యడమే. ఎవరైనా చేస్తారు."

"ఎవరైనా చేస్తే సరేనండి. నేను చెయ్యకూడదు. పెద్ద సిస్టరు వచ్చాక పక్కనుండి చేయిస్తారు."

పెద్ద సిస్టరు వచ్చేసరికి గంట పట్టింది. పేషెంటు ఇంటికి వెళ్ళడం ఆలస్యమైందని ఆయన అల్లుడుగారు వరండా అదిరేలా అరిచారు. డాక్టరుగారు మేట్రన్ గారికి ఫిర్యాదు చేశారు. జూలై నెలాఖరున మేట్రన్ గారు నా సంగతి తేలుస్తారు. వార్డు ఒంటరిగా అప్పజెప్పడమా, మళ్ళీ మొదటినుంచి శిక్షణకి పంపడమా అని. శిక్షణకి పంపితే ఈ ఉద్యోగం ఉంటుందన్న భరోసా లేదు. కొంచెం భయంగా ఉంది.

నీ అంకె ఎంత వస్తోంది? వీధి మొత్తం లెక్క రాశావు, నీది రాయలేదు.

నీ పిడుగు


జూన్ 18

చిరంజీవి పిడుగుకి,

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. మొత్తం చదివాకే పెట్టాను.

నాలుగేళ్ళు చదివించాం. మూడు ప్రశ్నలకి మూడుసార్లు "చెప్పకూడదు" అని జవాబు పంపావు. పోస్టుమాస్టరుగారికి ఏం చెప్పను? మా మనవరాలికి చెప్పడం నిషేధం అని చెప్పనా? అలాగే చెబితే ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గారు.

పెద్ద డాక్టరు పని చెబితే "నేను చెయ్యను" అన్నావట. మన ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. కార్డులో సంతకం లేదట. నీ భయానికి సంతకం సాకు అని నాకు అర్థమైంది. చిన్నప్పుడు ఈత నేర్చుకోమంటే తువ్వాలు తడిసి ఉందన్నావు. అదే మనిషివి.

సరే. నువ్వు చెయ్యనివి నేను చేస్తున్నాను. టైలరుకి పోయిన శనివారం 172 వచ్చింది. ఊరికే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. నా డబ్బాలో ఎలాగూ ఉన్న సగం మాత్ర ఇచ్చాను. నేను దూకుడు మనిషిని కాను, అందుకే సగమే. మూడు రోజులుగా ఇస్తున్నాను. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడు. మందు పట్టిందన్నమాట.

ఇక నీ ఉద్యోగం సంగతి. ఇలాంటి చోట పెద్దవాళ్ళు ఒక మాట వేయాలి. మీ మేట్రన్ గారికి నేనే ఉత్తరం రాశాను. మర్యాదగా, సూటిగా రాశాను. నిన్నటి టపాలో వేశాను. నువ్వు కంగారు పడనక్కర్లేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. తువ్వాలు ఆరబెట్టుకుంటున్నావా?


జూన్ 24

అమ్మమ్మా,

నమస్కారాలు తర్వాత. ముందు పని.

ఈ ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుందని రాత్రే అమ్మకి ఫోను చేసి చెప్పాను, నీకు చెప్పమని. ఫోనులో విన్నది నమ్మవు కాబట్టి కాగితం మీద కూడా పెడుతున్నాను. టైలరుగారికి ఆ మాత్ర ఆపు. ఇవ్వడం ఎంత తప్పో, అతనికి కళ్ళు తిరగడాన్ని గెలుపుగా రాసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అతన్ని ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఏం ఇచ్చావో, ఎన్ని రోజులు ఇచ్చావో నీ నోటితో డాక్టరుకి చెప్పు. నా మీద కోపం ఉంటే వచ్చాక తీర్చుకో.

రెండోది. చేతికి చుట్టే పట్టీ లోపలి వైపు చూడు. 22 నుంచి 32 సెంటీమీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది. అంత చుట్టుకొలత ఉన్న చేతికే అది సరిపోతుంది. నీ సన్నటి చేతిని చూసి కొన్నాను. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టైలరుగారి మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంటుంది కదా. ఊళ్ళో అందరి చేతులూ కొలిచిన మనిషి తన చెయ్యి ఎప్పుడూ కొలుచుకుని ఉండడు. కొలవమను.

మూడోది. నీ ఉత్తరం వచ్చింది. మేట్రన్ గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, పైకి చదివారు. "మా మనవరాలికి ధైర్యం తక్కువ, తెలివి తక్కువ కాదు. డాక్టరుగారు ఏ పని చెప్పినా ఆమె చేయడానికి ఇందుమూలంగా నేను అనుమతి ఇస్తున్నాను." చదివి కళ్ళెత్తి చూశారు.

"మీ అమ్మమ్మగారు అనుమతి ఇచ్చారు. ఆవిడ లైసెన్సు నంబరు రాయలేదే?"

నేల చీలితే దూకేదాన్ని. ఆ ఉత్తరం నా ఫైలులో చేరింది.

నేను పనిదొంగని కాదు అమ్మమ్మా. మీ ఆఫీసులో పెద్దాయన "చదవనక్కర్లేదు, సంతకం పెట్టండి" అంటే, కలం మూత బిగించి, రోజంతా కూర్చున్నావట. ఆ కథ అమ్మ నాకు అన్నం పెడుతూ చెప్పేది. చూడని లెక్క మీద నువ్వు సంతకం పెట్టవు. చెయ్యడం రాని పనిలో నేను చెయ్యి పెట్టను. అది భయమని నువ్వు రాస్తే, ఆ రోజు నీది కూడా భయమే.

కానీ నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ ఫిర్యాదు తర్వాత నిజంగానే భయం పట్టుకుంది. నిన్న ఒక పేషెంటు ఇంకో దిండు అడిగితే, ఇవ్వొచ్చా అని డాక్టరుకి ఫోను చేశాను. "దిండుకా?" అని ఆయన రెండుసార్లు అడిగారు.

ఆఖరుది. "నా డబ్బాలో ఎలాగూ ఉన్న సగం మాత్ర" అని రాశావు. నీ బి.పి.కి డాక్టరు రాసింది రోజుకి ఒక నిండు మాత్ర. డబ్బాలో సగం ముక్క ఎలా ఉంది?

పిడుగు


జూలై 2

చిరంజీవి పిడుగుకి,

వరసగా రాస్తున్నాను.

మీ అమ్మ చెప్పిన పూటే మాత్ర ఆపాను. మర్నాడు పొద్దున టైలరుని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. దారిలో అతను "పెద్దమ్మగారూ, నాకేమైనా అయితే పోస్టుమాస్టరుగారి ప్యాంటు కటింగు అయిపోయింది, కుట్టడమే మిగిలింది, మా తమ్ముడికి చెప్పండి" అన్నాడు. నోరు మూసుకుని నడవమన్నాను.

అక్కడి నర్సు అతన్ని అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టి, పెద్ద పట్టీ తెచ్చి చూసింది. 130. డాక్టరు నా వైపు చూశారు. ఏం ఇచ్చానో, ఎన్నాళ్ళు ఇచ్చానో నా నోటితోనే చెప్పాను. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. "మీరు చదువుకున్నవారు" అన్నారు, అంతే. కళ్ళు తిరిగి అతను కొట్టులో తన కత్తెర మీద పడి ఉంటే ఏమయ్యేదని దారిపొడుగునా అదే ఆలోచన.

ఇంటికొచ్చి చెయ్యి కొలిపించాను. 39 సెంటీమీటర్లు. టైలరు టేపు చూసి "ఇది నా చెయ్యేనా" అన్నాడు. నేను రాసి పెట్టుకున్న అంకెలన్నీ మళ్ళీ చూశాను. యంత్రం చూపించినదానికీ నేను రాసినదానికీ ఒక్క తేడా లేదు. అంతా సరిగ్గా రాశాను. అంతా తప్పు. నా వయసులో ఇది మింగడం కష్టంగా ఉంది.

కలం మూత కథ మీ అమ్మ నీకు చెప్పిందని నాకు తెలియదు. గొట్టం విషయంలో నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. తువ్వాలు మాట మాత్రం తీసుకోను.

ఇప్పుడు నీ వంతు. దిండుకి డాక్టరుని అడుగుతావా? నేను నాది కాని పనిలో దూరితే, నువ్వు నీదైన పని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డావు. నాకు అక్షింతలు వేసినదానివి, నీకు నువ్వూ వేసుకో. చూడడం నా పని అని నువ్వే రాశావు. నీ కళ్ళకి కూడా ఎవరైనా సంతకం పెట్టాలా?

మేట్రన్ గారి దగ్గర్నుంచి నా ఉత్తరం వెనక్కి తెచ్చుకునే వీలుందా?

ఇట్లు,
అమ్మమ్మ


జూలై 25

అమ్మమ్మకి నమస్కారాలు.

వీలు లేదు. అడిగాను. "ఫైలులో చేరిన కాగితం బయటికి రాదు. మీ అమ్మమ్మగారికి ఆ సంగతి నాకంటే బాగా తెలిసి ఉంటుంది" అన్నారు.

ఇన్నాళ్ళు రాయలేదు. ఈలోగా ఏం జరిగిందో చెబుతాను. మా ఏడో నంబరు మంచంలో ఒక వడ్రంగి తాత ఉన్నాడు. కాలి పుండుకి చేరాడు, షుగరు మాత్రలు వేసుకుంటాడు. ఆయనకి మందులకంటే తన మంచం పక్క బల్ల మీద ధ్యాస. అది ఊగుతుంది. రోజూ నేను వెళ్ళగానే మొదలు. "ఏమ్మా సిస్టరూ, దీన్ని కొట్టినవాడు వడ్రంగా, వంటవాడా? ఒక కాలు చూడు, పక్క కాలితో మాట్లాడటం మానేసింది."

పోయిన వారం ఒక మధ్యాహ్నం బి.పి. చూశాను. బాగుంది. నాడి బాగుంది. జ్వరం లేదు. రాసుకుని ఎనిమిదో మంచం దాకా వెళ్ళి ఆగాను. తాత బల్ల గురించి ఒక్క మాట కూడా అనలేదు. వెనక్కి వచ్చాను.

"తాతగారూ, బల్ల ఇంకా ఊగుతోందా?"

"ఊ" అన్నాడు. నుదుటి మీద సన్నగా చెమట. బల్ల మీద భోజనం పళ్ళెం మూత తీయకుండా అలాగే ఉంది.

షుగరు చూడాల్సింది సాయంత్రం అని రాసి ఉంది. వేలికి గుచ్చే సూది, రక్తపు చుక్క పెట్టే పట్టీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రాయని వేళకి చూడొచ్చా? ఎవరినైనా అడగాలా? అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, కళ్ళకి సంతకం కావాలా అన్నది. వేలు గుచ్చి చూశాను. 48. అంత తగ్గితే, మనిషి మెలకువగా ఉంటే, ముందు చక్కెర నీళ్ళు తాగించి డాక్టరుని పిలవమని మా వార్డు గోడ మీదే రాసి ఉంది. తాగించాను. పిలిచాను. పలికింది ఎవరనుకున్నావు? గొట్టం డాక్టరుగారే.

"ఇప్పుడెందుకు చూశారు? సాయంత్రం కదా వేళ. ఆయనేమైనా ఫిర్యాదు చేశాడా?"

"లేదు సార్. చెయ్యలేదు. అందుకే చూశాను."

"వస్తున్నాను" అన్నారు. ఈసారి నన్ను విసుక్కోలేదు. వచ్చి తాత మందు మార్చి రాశారు. కాసేపటికి తాత కళ్ళు తేటగా తెరిచి, చుట్టూ చూసి, బల్ల మీద చెయ్యి వేసి అన్నాడు. "ఇది ఇంకా ఊగుతూనే ఉందా? మీరందరూ ఏం చేస్తున్నట్టు?"

అమ్మమ్మా, ఆ తిట్టు విని ఏడుపొచ్చింది.

నిన్న మేట్రన్ గారు పిలిచారు. నా ఫైలు తెరిచి ఉంది, పైన నీ ఉత్తరం.

"సూది పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డావని తొమ్మిదో నంబరు మంచం ఆయన చెప్పారు. ఎవరి అనుమతి కోసం?"

అబద్ధం నోటికి రాలేదు. "మా అమ్మమ్మదండి" అన్నాను.

"వచ్చిందా?"

"వచ్చిందండి."

ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను. తర్వాత నవ్వు మడిచి లోపల పెట్టేసి చెప్పారు. "గొట్టం దగ్గర ఆగావు, అది సరైనదే. కానీ ఎందుకు ఆలస్యమో పేషెంటుకి చెప్పి ఉండాల్సింది. ఆయన అల్లుడు అరిచింది గొట్టం గురించి కాదు, ఎవరూ ఏమీ చెప్పనందుకు. దిండు దగ్గర కూడా ఆగావని డాక్టరుగారు చెప్పారు, అది తప్పు. నీ పరిధి ఎక్కడ ముగుస్తుందో నేర్చుకున్నావు. ఎక్కడ మొదలవుతుందో ఏడో నంబరు దగ్గర నేర్చుకున్నావు." ఆగస్టు నుంచి వార్డు నాకు ఒంటరిగా అప్పజెప్పారు! గొట్టం తీయడం కూడా పెద్ద సిస్టరు చూస్తుండగా చేశాను. కార్డులో సంతకం పడింది.

ఇక ఒక పాత బాకీ. డబ్బాలో సగం మాత్ర ఎలా వచ్చిందని అడిగాను. అంతకుముందు నీ అంకె అడిగాను. నీ జవాబులో అన్నీ వరసగా ఉన్నాయి, ఈ రెండూ లేవు. అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చే మనిషివి. నువ్వేమీ అనకపోవడమే నాకు తేడాగా ఉంది. ఏడో నంబరు మంచం దగ్గర ఆగినట్టే నీ దగ్గరా ఆగాను. జబ్బు పేరు నేను చెప్పను. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ పిడుగు


ఆగస్టు 2

చిరంజీవి పిడుగుకి,

వార్డు నీ చేతికి వచ్చిందన్న మాట రెండుసార్లు చదివాను. మూడోసారి టైలరుకి చదివి వినిపించాను. అతను కుట్టు ఆపి విన్నాడు.

పాత బాకీకి జవాబు. నువ్వు యంత్రం ఇచ్చాక నా అంకెలు కొన్నాళ్ళు బాగా వచ్చాయి. అంత బాగున్నప్పుడు నిండు మాత్ర ఎందుకని నేనే సగానికి దించాను. మాత్ర వేసుకోబట్టే బాగున్నాయన్న సంగతి ఇంత చదువుకున్నదాన్నై ఉండీ ఆలోచించలేదు. తర్వాత అంకెలు పెరగడం చూశాను. రాసుకున్నాను. నీకు రాయలేదు. రాస్తే తిడతావని తెలుసు.

నిన్న వెళ్ళాను. తోడు టైలరు వచ్చాడు. ఈసారి దారిలో నోరు మూసుకుని నడవమని అతను నాకు చెప్పాడు. నా చేతికి సరిపోయే పట్టీతో, అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాక, 164 వచ్చింది. డాక్టరు నిండు మాత్ర వేసుకోమన్నారు, రెండు వారాలకి మళ్ళీ రమ్మన్నారు. మాత్ర తగ్గించమని ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదని చెప్పాను.

శనివారం వరండా మూసెయ్యలేదు. కొలవడం మానక్కర్లేదని ఆసుపత్రి నర్సే అంది, పెద్ద పట్టీ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పింది. అది వచ్చేలోగా టైలరు నా చిన్న పట్టీకి గుడ్డ అతికి పొడుగు చేసి తెచ్చాడు. కుట్టు చాలా నాణ్యంగా ఉంది. తీసుకోలేదు. బట్టలు కుట్టడం నీ పరిధి, పట్టీ కాదు అన్నాను. గోడ మీద బోర్డు పెట్టాను: "ఇక్కడ కొలవబడును. చెప్పబడదు." పోస్టుమాస్టరుగారు చదివి, మోకాలి మాత్ర సంగతి మళ్ళీ ఎత్తారు. "అది నా పని కాదండీ" అన్నాను. నా జన్మలో ఆ మాట అనడం మొదటిసారి. నోటికి కొత్తగా ఉంది కానీ, చేదుగా లేదు. సోమవారం డాక్టరు దగ్గరికి ఆయన్ని నేనే తీసుకెళ్తున్నాను. తోడు వెళ్ళడానికి లైసెన్సు అక్కర్లేదని అనుకుంటున్నాను. కాదంటే రాయి.

డబ్బాలో ఒక సగం మాత్ర మిగిలిపోయింది. నీకు పంపి చూపిద్దామనుకున్నాను. మందు పంపడం నా పని కాదని గుర్తొచ్చింది. పాత మందులు వేసే డబ్బా ఆసుపత్రిలో ఉంది. నిన్న అందులో వేశాను. మీ పద్ధతి ప్రకారం ఒంటరిగా వేయలేదు.

ఇట్లు,
అమ్మమ్మ

సాక్షి: మూలకొట్టు టైలరు
(నిజంగానే వేశారు సిస్టరుగారూ. నేను చూశాను.)